తలుపు దగ్గర మొదలైన లెక్క

ఆ వీధిలో కార్లు బాగుచేసే మేస్త్రీని అందరూ గడియారం మేస్త్రీ అనేవారు. ఏ బండి బాగుచేసినా దాన్ని షెడ్డు గేటు నుంచి నీళ్ల ట్యాంకు దాకా నడిపి, మెడలో వేలాడే స్టాప్‌వాచీతో లెక్క తీసి, సుద్దముక్కతో గోడమీద రాసేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. ముప్పై ఏళ్ల లెక్కలతో ఆ గోడ నిండిపోయింది.

ఇప్పుడు పోటీ రెండు పాత కార్ల మధ్య. ఎర్రది మేస్త్రీ ముద్దుబిడ్డ. నేలను రాసుకుంటూ పోతున్నట్టుండే ఆ బండి పద్దెనిమిది సెకన్లలో ట్యాంకు చేరేది. బూడిదరంగుది నిలువుగా బీరువాలా ఉండేది. దానికి ఇరవై తొమ్మిది పట్టేది, అదీ దారంతా మూలుగుతూ.

ఈ హడావుడంతా కూతురి కోసం. చిన్నప్పటి నుంచీ ఆమె ఎడమ కాలికి ఇనుప పట్టీ ఉంది, మోకాలు వంగదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. రోజూ నాలుగు క్లినిక్‌లు తిరిగి నమూనాలు తేవాలి. మీ అంతట మీరు తిరగగలిగితేనే సోమవారం నుంచి రండి అన్నారు ల్యాబ్‌వాళ్లు. మేస్త్రీ రెండు కార్లకూ క్లచ్‌ను చేత్తో నొక్కేలా పిడి బిగించాడు. ఆమెకు లైసెన్సూ వచ్చింది. ఇక కారు ఎంచుకోవడమే మిగిలింది.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? ఎర్రదే. ఆ బూడిదరంగు డబ్బా ఏ లారీ వెనకాలో పడిందంటే సాయంత్రం దాకా అక్కడే."

"సరే నాన్నా, నువ్వే లెక్క తియ్యి. కానీ నేను తలుపు దగ్గర నిలబడ్డప్పుడు నొక్కు. అక్కడ దిగి నిలబడ్డాక ఆపు."

"చక్రం కదిలాక కదా నొక్కేది?"

"ఉద్యోగం చేసేది చక్రం కాదుగా. ఇంకో మాట, చేతులు వెనక్కి పెట్టుకో."

ఎర్ర కారులో కూర్చోబోతే పట్టీ తలుపు అంచుకు తగులుకుంది. మేస్త్రీ రెండుసార్లు ముందుకు కదిలాడు, రెండుసార్లూ కూతురి చూపుకి ఆగిపోయాడు. ఆమె సీట్లో కూలబడి, కాలిని రెండు చేతులతో లోపలికి లాక్కుంది. బండి మాత్రం రివ్వున పోయింది. ట్యాంకు దగ్గర ఆమె తల తలుపు పైన కనబడి, మాయమై, మళ్లీ కనబడింది. నాలుగు నిమిషాల పది సెకన్లు.

బూడిదరంగు కారుకి వీపు పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంది. మూలుగుతూ వెళ్లిన బండిలోంచి ఇట్టే దిగి చెయ్యూపింది. ఒక నిమిషం మూడు సెకన్లు.

మేస్త్రీ స్టాప్‌వాచీని మళ్లీ చూసుకున్నాడు. కూతురికి ఇంత కష్టమని తనకెందుకు తెలియలేదు? ఎలా తెలుస్తుంది. బడికీ, ఆసుపత్రికీ, మొన్న డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడూ ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది తనే. ఆమె కారెక్కడం ఆయన ఈ రోజే చూశాడు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే చెప్పలేనంత సంతోషమూ కలిగింది. గోడమీద పద్దెనిమిదిని తుడిచేసి కొత్త లెక్క రాశాడు.

సోమవారం పొద్దున బూడిదరంగు కారు దగ్గరికి కూతురు రాగానే అలవాటుకొద్దీ చేతులు చాచాడు.

"చేతులు, నాన్నా."

గబుక్కున వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె కూర్చుంది, కాళ్లు తిప్పుకుంది, వెళ్లిపోయింది. కారు మూలుగుతూ ట్యాంకు దాటి మలుపు తిరిగింది. మేస్త్రీ గడియారం నొక్కడం మరిచిపోయి గేటు దగ్గరే నిలబడ్డాడు. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.