గోడ వైపు తిరిగిన చేపలు

ఆ రోజుల్లో నాకు చదువంటే భయం లేదు. అక్షరం ముక్క రానిదానికి భయమెందుకు? భయమంతా చదువుకున్నవాళ్లదే. యూనివర్సిటీలో చేపల గురించి చదివే డిపార్ట్‌మెంటులో ఊడ్చే పనికి చేరేనాటికి నాకు పందొమ్మిదేళ్లు. అక్కడి పిహెచ్‌డీ పిల్లలు ‘కాంప్రహెన్సివ్’ అనే మాటను, మా పేటలో ఎవరికైనా అమ్మవారు పోస్తే చెప్పుకున్నట్టు, గొంతు తగ్గించి అనేవారు. అదొక పెద్ద పరీక్షట. అంతవరకు చదివిందంతా ముగ్గురు పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని నోటితో అడుగుతారట. రెండుసార్లు తప్పితే ఇక ఇంటికేనట. నన్ను పనిలో పెట్టించిన మా పిన్ని మాత్రం, “ఆళ్ల పరీచ్చలు నీకెందుకే గుంటా! నోర్మూసుకుని సీపురు తిప్పు. నీది టెంపరవరీ. సార్లకి కోపమొస్తే రేపే తీసేత్తారు” అని మొదటిరోజే చెప్పింది.

నాకు అప్పగించిన వాటిలో వరండా చివరి మ్యూజియం గది ఒకటి. గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా గాజు జాడీలు, జాడీల్లో మందునీళ్లు, అందులో మూతి పైకెత్తి, పొట్ట మన వైపు తిప్పి నిలబడిన చేపలు. చేపలు పట్టే ఇంట్లో పుట్టాను. నడక రాకముందే వలల మధ్య పాకినదాన్ని. నాకు చేపంటే భయమా అని నవ్వకండి. చేప అన్నాక వాసన రావాలి, ఈగ వాలాలి, సాయంత్రానికి మెత్తబడాలి. ఇవి నేను పుట్టకముందు చచ్చి కూడా అలాగే కళ్లు తెరుచుకుని ఉన్నాయి. కిటికీలోంచి సముద్రం హోరు వినిపించేది గాని, గదిలో చేపల వాసన పిసరంత కూడా ఉండేది కాదు. అదీ నా భయం. మూల ఒక చేతుల కుర్చీ ఉండేది. ఆ చేపలన్నీ పోగుచేసిన పాత ప్రొఫెసర్ గారిదట. ఆయన పోయి చాలా ఏళ్లయినా అందులో ఎవరూ కూర్చోరు. “ఆ కుర్చీ ఒంక వంగి తుడవకే. సార్ కాళ్లు తగుల్తాయి” అనేవాడు వాచ్‌మన్ మావ. (నవ్వుతూ అని ఉంటే బాగుండేది. నవ్వేవాడు కాదు.)

అందుకని నేనొక ఉపాయం చేశాను. పొద్దున్నే గదిలోకి వెళ్లగానే ఒక్కొక్క జాడీ ఎత్తి, కింద చెక్క తుడిచి, జాడీని గోడ వైపు తిప్పి పెట్టేదాన్ని. (ఆ చెక్కల మీద నల్లటి చారలుండేవి. చెద కాబోలు అనుకుని ఎంత రుద్దినా పోయేవి కావు.) చేపలన్నీ నాకు వీపు చూపిస్తే ప్రాణం కుదుటపడి ఊడ్చుకునేదాన్ని. బాగానే ఉంది గాని, మర్నాడు పొద్దున తలుపు తీస్తే అన్నీ మళ్లీ నా వైపే చూస్తూ ఉండేవి. వారం రోజులు తిప్పాను. వారం రోజులూ అవి తిరిగి చూశాయి. వాచ్‌మన్ మావని అడిగితే, “నానైతే ఆ గది గుమ్మం తొక్కను. మరెవులు తిప్పుతారే?” అని కుర్చీ ఉన్న దిక్కుకి ఓ దణ్ణం పెట్టాడు. నాకు జ్వరమొచ్చినంత పనైంది. అయినా పని మానలేను కదా, మళ్లీ తిప్పేదాన్ని.

ఇలా ఉండగా తుఫాను వానలు పట్టుకున్నాయి. ఓ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయి, కరెంటు పోయింది. మ్యూజియం గది కప్పు కారుతోంది, నీళ్లు ఎత్తిపొయ్యమని పిన్ని నన్ను తరిమింది. ప్లాస్టిక్ గోతాన్ని కొప్పెరలా మడిచి నెత్తిన వేసుకుని, బకెట్టు పుచ్చుకుని వెళ్లాను. మూసిన తలుపు వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది. “చెప్పు! ఇదేమిటో చెప్పు!” అంటోంది. తర్వాత సన్నటి ఆడగొంతు, “సార్... సార్...” అని ఏడుస్తోంది. మళ్లీ బొంగురు గొంతు: “తెలీదా? అయితే పో!” నా కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. చేతిలో బకెట్టు మాత్రం అతుక్కోలేదు. అది వెళ్లి తలుపుకి తగిలింది, తలుపు తెరుచుకుంది. అరల ముందు తెల్ల చీరలో జుట్టు విరబోసుకుని ఒక మనిషి. నన్ను చూడగానే ఆ మనిషి మోకాళ్ల మీద కూలబడి, “సార్! ఈసారి బాగా చదివాను సార్! నా మొహం చూడనని అలా తిప్పీకండి సార్!” అని చేతులు జోడించింది. “ఓలమ్మో, నాను సారు కాదమ్మా! ఊడ్సీదాన్ని!” అని నేను కేకపెట్టాను.

తీరా చూస్తే ఆవిడ మా పిహెచ్‌డీ పిల్లల్లో ఒకావిడ, ఆనందపురం వైపు రైతుల బిడ్డ. మేమంతా ‘పెద్దక్క’ అనేవాళ్లం. ఒకసారి కాంప్రహెన్సివ్ తప్పింది. పేర్లున్న కాగితాలు జాడీల ముందు అంటించి ఉంటాయి. అవి కప్పేసి ఈ చేప ఏదని అడిగేసరికి నోరు పడిపోయిందట. వచ్చే సోమవారం రెండోసారి. అదే ఆఖరు. అందుకని రోజూ మధ్యాహ్నాలు తలుపేసుకుని, అడిగేవాళ్ల గొంతూ తన గొంతూ తానే పెట్టి చదువుకుంటోంది. వచ్చేసరికి జాడీలన్నీ గోడ వైపు తిరిగి ఉంటున్నాయి. “నాను తిప్పి సదువుకుని ఎల్తన్నాను. మర్నాడొచ్చి సూస్తే మళ్లీ ఎనక్కి. ఆ కుర్చీలో సార్‌కి నా మొహం సూడ్డం ఇష్టం లేదు. ఇంక నాను పరీక్షకి కూర్చోను. మా ఊరెల్లిపోతాను” అంది. రోజూ పుస్తకంలా మాట్లాడే మనిషికి ఆ పూట ఊరి భాష వచ్చేసింది.

చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే ఆవిడ చదువు పోతుంది. దొర్లిపోయిన బకెట్టు తీసి, కప్పు కారే చోట పెట్టాను.

“నానేనమ్మా తిప్పింది” అన్నాను చివరికి.

“ఏటీ?”

“నన్నే సూత్తన్నాయమ్మా అయ్యి. భయమేసి తిప్పీసినాను.”

ఆవిడ లేచి వచ్చిన తీరుకి కొడుతుందనే అనుకున్నాను. గోతం లాగి నా మొహం చూసి, “ఓసి నీ దుంప తెగ! వారం రోజుల్నుంచి నాకు నిద్రలేదే!” అని, ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. “నాకు మాత్రం ఉందేటమ్మా? మీరు తిప్పీసి ఎల్లిపోతే, పొద్దున్న నాను సచ్చి బతికీదాన్ని” అన్నాను. తప్పు ఒప్పుకున్న ధైర్యంతో ఇంకో మాట కూడా అనేశాను. “అయినా మొకం సూసి నేర్సుకోడమేటమ్మా? నీళ్లల్లో సేప మొకం ఎవులికి కనిపిస్తాది? పడవలోంచి సూత్తే ఈపే. ఇదిగో ఇది కానాగంత. మందులో రంగు పోయినా ఈపు మీద గీతలు పోలేదు, సూడండి.”

ఆ వారమంతా నేను మధ్యాహ్నాలు వెళ్లి వీపులు చెప్పేదాన్ని. ఆవిడ ఇంగ్లీషు పేర్లు కలుపుకునేది. సోమవారం పొద్దున మాత్రం, సార్లకి అనుమానం రాకుండా, జాడీలు ముందుకే ఉంచమని నూరుసార్లు చెప్పింది. ఉంచుదామనే వెళ్లాను. కాని అలవాటైన చెయ్యి మాట వింటుందా? తుడవడం, తిప్పడం అయిపోయి బకెట్టు ఎత్తేసరికి తెలిసింది ఏం చేశానో. అప్పటికే వరండాలో బూట్ల చప్పుడు. ముగ్గురు పెద్దవాళ్లు, వెనకాల పాలిపోయిన పెద్దక్క. నేను తలుపు పక్కకి నక్కాను.

ముందు వచ్చిన ముసలాయన, బయటి ఊరు నుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చినాయన, అరల ముందు ఆగిపోయారు. కళ్లజోడు తీశారు. “వీటిని ఎవరు తిప్పారు?” అన్నారు. నా గుండె కొట్టుకోవడం వాళ్లకి వినపడుతుందేమోనని బకెట్టుని గట్టిగా గుండెకి హత్తుకున్నాను. ఆయన మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, “నాకు ఇదే గదిలో పరీక్ష పెట్టినప్పుడు సార్ ఇలాగే తిప్పి పెట్టారు. ఆయన పోయాక ఇలా ఎవరూ పెట్టలేదు” అన్నారు. అందరూ మూలనున్న కుర్చీ వైపు చూశారు. నేనూ చూశాను. అది ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉండటం కూడా అంత భయపెడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. “సరే. ఇలాగే చెప్పమ్మా” అన్నారాయన.

పెద్దక్క చెప్పింది. వీపులు చూసి, ఒక్కటీ తప్పకుండా. బయటికి వచ్చి ఫినాయిలు కంపుకొట్టే నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ తర్వాత పది రోజులు నేను ఆ గదికి పిన్నిని తోడు తీసుకెళ్లాను.

ఏళ్లు గడిచాయి. పని పర్మనెంటయింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. మా చిన్నది రెండో తరగతి చదువుతుండగా దాని పక్కన కూర్చుని నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. తప్పు రాస్తే అది నా వేళ్ల మీద కొట్టేది. మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి దుకాణాల బోర్డులు కూడబలుక్కునేదాన్ని. ఒక పొద్దున మ్యూజియం గదిలో కానాగంత జాడీ ఎత్తి చెక్క తుడుస్తున్నాను. ఇన్నేళ్లూ చెద అనుకున్న ఆ నల్లటి చారలు నా కళ్ల ముందే మెల్లగా అక్షరాలయ్యాయి. పెయింటుతో రాసినవి. ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను.

‘మొహం గోడకు తిప్పి అడగాలి.’

పక్క జాడీ ఎత్తాను. అదే మాట. దాని పక్కదీ అంతే. జాడీ ఎత్తి తుడిచేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఇంకెవరి కంటా పడలేదు. ఒళ్లంతా జలదరించింది, వెంటనే నవ్వొచ్చింది. ఎంతమంది చదువుకున్నవాళ్లు వచ్చి వెళ్లిన గది! అందులో రాసినట్టు నడుచుకున్నది, అక్షరం రాని ఆ పందొమ్మిదేళ్ల పిరికిగుంట ఒక్కతే. దాని భయమే దాని చేత చేయించిందో, ఇంకెవరైనా చేయించారో, ఇప్పుడు చదవడం వచ్చినా నాకు తెలియడం లేదు.

పెయింటు చెరగకుండా మెత్తగా తుడిచి, జాడీని గోడ వైపు తిప్పి పెట్టాను. కుర్చీ వైపు చూడకుండా, “అలాగే సార్” అన్నాను.