డేవిడ్రాజు గారి పనిముట్ల సంచి

మొన్న విమానాశ్రయంలో తనిఖీ దగ్గర డ్రిల్లు బ్యాటరీలు ట్రేలో పెట్టగానే, వాటికి చుట్టిన పాతగుడ్డ నుంచి కొబ్బరినూనె వాసన గుప్పుమంది. నా వెనక నిలబడ్డాయన ముక్కు మూసుకున్నాడు. మూసుకోనీ. నాకు మాత్రం డేవిడ్రాజు మేస్త్రి గారు వచ్చి పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

భీమవరంలో రొయ్యల చెరువుల నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఉప్పునీటికి పనిముట్లు తుప్పు పడతాయని అన్నిటికీ కొబ్బరినూనె రాసి, లుంగీ పేలికలు చుట్టించేవారు. ఆడపిల్లకు స్పానరేంటని అందరూ నవ్వుతున్న రోజుల్లో నాకు పని నేర్పారు. "నవ్వేవాళ్ళు నవ్వుతారమ్మా. నువ్వు బోల్టు బిగించు," అనేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి, చెన్నై దగ్గర రొయ్యపిల్లల్ని పుట్టించి పెంచే ఒక హేచరీలో తొట్లకు గాలి పట్టే బ్లోయరు ఆగిపోయింది. అరువు మిషనుతో సాయంత్రం వరకే నెట్టుకురాగలరట. యజమాని వెంటనే రెండు విమానం టికెట్లు తీశాడు. "పని చేసేది మా అమ్మాయండి, మంచి ఫిట్టరు," అని మేస్త్రి గారు ఫోనులో చెబితే, "ఆడపిల్లా? వద్దండి, మీరే చెయ్యండి," అన్నాడు. మేస్త్రి గారు వినలేదు. నా చెయ్యి తప్పితే ఆయన మాట పోతుందని నాకు ఒకటే గుబులు.

ఇద్దరికీ అదే మొదటి విమానం. రైల్లో పనిముట్ల సంచి తలకింద పెట్టుకుని పడుకునే అలవాటు మాది. అందుకే సామాను కౌంటరులో ఇవ్వకుండా, భుజాన వేసుకునే తనిఖీకి వెళ్ళిపోయాం. పోలీసాయన సంచి విప్పించాడు. "టూల్సు మీ వెంట పంపమండి, కౌంటరులో ఇచ్చెయ్యండి. బ్యాటరీలు ఊడదీసి మీ దగ్గర ఉంచుకోండి," అన్నాడు మర్యాదగానే. పరుగున వెనక్కి వచ్చాం. కౌంటరులో అతను జిడ్డు సంచిని చూసి మొహం చిట్లించాడు. "ఇలాంటివి లారీలో వేసుకోవాలండి. ఇక్కడ వదిలేసి మీరెళ్ళండి."

"మా చేతులు ఎక్కొచ్చుగాని మా స్పానర్లు ఎక్కకూడదేంటండి?" మేస్త్రి గారి గొంతుకు వరస మొత్తం ఇటు తిరిగింది. "రూలు చెప్పండి, వింటాం. ఆ పోలీసాయన చెబితే వినలేదా? జిడ్డుగా ఉందంటే మాత్రం వినేది లేదు. సంచి ఎక్కకపోతే మేమూ ఎక్కం."

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆయన మాత్రం అంగుళం కదల్లేదు. చివరికి ఇంకో ఉద్యోగిని వచ్చి, సంచికి చీటీ కట్టి లోపలికి పంపింది.

హేచరీలో యజమాని నన్ను దాటుకుని వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "రండి మేస్త్రి గారూ, మిషను ఇటుంది." మేస్త్రి గారు సంచి నా ముందు దించి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఫిట్టరు ఆవిడండి. నేను సంచి మోయడానికొచ్చాను."

సంచి విప్పి స్పానరు తీశాను. పట్టేసిన బోల్టును డ్రిల్లుతో తొలిచి, బేరింగు మార్చాను. చీకటి పడకముందే తొట్లలో బుడగలు లేచాయి. ఆయన లేచి చూడనైనా లేదు, టీ అడిగారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఏ హేచరీకి వెళ్ళినా ఎవరో ఒకరు "మేస్త్రి ఎక్కడమ్మా?" అంటూ నా వెనక్కి చూస్తారు. నేను మాత్రం వెనక్కి తిరగను.