చిట్లించిన కళ్ళు

సారపాక కాగితం మిల్లుకు పోయే లారీల్లో జామాయిల్ కర్ర ఎత్తే మా జట్టులో ఒక హమాలీ ఉండేవాడు. ఎవరు పిలిచినా కళ్ళు చిట్లించి చూసేవాడు. మేస్త్రీనైన నాకది పొగరనిపించేది.

ఒకనాడు లారీ దగ్గర నుంచి కేకేస్తే తోటలోంచి అట్లాగే చూశాడు.

"ఏందిరా ఆ చూపు? నేను గంత అలుసైన్నా?" అంటూ ఉరికిపోయి కర్రతో ముఖం మీద కొట్టాను. ఎడమ కన్ను చితికిపోయింది. కన్ను మూసుకున్న చేతి వేళ్ళ సందుల్లోంచి రక్తం కారింది.

దవాఖానాలో డాక్టర్ రెండో కన్ను పరీక్షించాడు. "కనుగుడ్డు పొడుగ్గా ఉంది. దూరంవి మసకగా కనిపిస్తయ్. రెప్పలు చిట్లిస్తే కొంచెం తేటపడతయ్. అద్దాలు పెట్టుకోవాలె" అన్నాడు.

"ఇప్పుడు ఒక్క అద్దం చాలు కద సార్" అన్నాడు హమాలీ.

వాడే ముందు నా మీదికి వచ్చిండని అందరికీ చెప్పాను. అందరూ నమ్మి ఆయన్ని జట్టులోంచి తీసేశారు. ఆయన చెయ్యెత్తనే లేదు. పిలిచిందెవరో పోల్చుకుందామని చూశాడు, అంతే.