నాన్న చాచిన చెయ్యి

తొంభైల్లో మా నాన్న పెనుగొండ అవతల కాలువ లాకుల దగ్గర లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, వాటికి గ్రీజు పూయడం ఆయన పని. నా నడుముకి ఎండు ఆనపకాయలు కట్టి ఆ కాలువలోనే ఈత నేర్పాడు. పోటీలకి తయారుచేసిందీ ఆయనే. అవతలి రేవు నుంచి నేను ఈదుకొస్తుంటే, ఇవతల చివరి మెట్టు మీద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెయ్యి చాచేవాడు. నా కుడి చెయ్యి ఆయన చేతికి తగిలితే పందెం అయినట్టు. అమాంతం పైకి లాగేసేవాడు. ఏడేళ్ళపాటు రోజూ అదే.

నాది బ్రెస్ట్‌స్ట్రోక్, అదే కప్ప ఈత. అందులో పందెం చివర కొలను గోడకి రెండు చేతులూ ఒకేసారి ఆనించాలి, లేకపోతే లెక్కలోకి రాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. చిన్న పోటీల్లో గుర్తుపెట్టుకుని ఆనించేదాన్ని కూడా. జాతీయ పోటీల ఫైనల్లో మాత్రం అందరికంటే ముందొస్తూ తల ఎత్తేసరికి, ఎదురుగా గ్యాలరీలో నాన్న కనిపించాడు. లేచి నిలబడి, అలవాటుకొద్దీ చెయ్యి చాచాడు. నా కుడి చెయ్యి ఒక్కటే ముందుకెళ్ళింది. డిస్‌క్వాలిఫై చేశారు.

నాకు మొదటినుంచీ నోటి దురుసు. తిరుగు రైల్లో ఏడ్చి ఏడ్చి, నిడదవోలులో దిగుతూ అనేశాను.

"నీ చెయ్యి వల్లే పోయింది నాన్నా. ఎవరు చాచమన్నారు నిన్ను?"

"నిజమేలే అమ్మా" అని నా సంచీ అందుకుని ముందు నడిచాడు. ఆ మాట ఎందుకన్నానా అని ఈరోజుకీ కుమిలిపోతుంటాను.

మర్నాడు రేవులో చివరి మెట్టుకి, కొలను గోడలా ఒక చెక్క బిగించి ఉంది. పక్కనే నాన్న, చేతులు వెనక్కి కట్టుకుని. "రెండూ ఆనించమ్మా" అన్నాడు. మరుసటి ఏడు బంగారు పతకం వచ్చింది, ఆ తర్వాత ఇంకో మూడు. ఛాంపియన్ అని ఊరంతా శాలువాలు కప్పారు. నాన్న మళ్ళీ ఒక్క పోటీకీ రాలేదు. నేనూ గట్టిగా రమ్మనలేదు. రాకపోతేనే మంచిదని లోపల ఉండేది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఉద్యోగం వచ్చి ఈత మానేసిన ఏడు, చివరిసారి ఆ కాలువ ఈదాను. చెక్క దగ్గరికొచ్చి, దాన్ని తాకకుండా కుడి చెయ్యి పైకెత్తాను.

"చెయ్యి ఇయ్యి నాన్నా."

ఆయన నా చెయ్యి వైపు చూడలేదు, చెక్క వైపు చూశాడు.

"ముందు రెండూ ఆనించమ్మా" అన్నాడు. ఆయన చేతులు వెనకే ఉన్నాయి.