లావు కట్టలు

ఎనభైల మొదట్లో, కరువు పట్టిన ఏడాది, వరంగల్‌లో మా చర్చి యువజనులం ఒక పని నెత్తికెత్తుకున్నాం. కేసముద్రం వైపు పల్లెల్లో రైతులు తాడు వదిలి కొలిచిన బావి నీళ్ల లోతులు, ఊరికో కాగితాల కట్టగా మా దగ్గరికి వచ్చాయి. ఏ బావిలో నీళ్లు ఎంత వేగంగా దిగిపోతున్నాయో లెక్కకట్టాలి. కాలిక్యులేటర్ ఎవరి దగ్గరా లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరికి నచ్చిన కట్ట వాళ్లు ఇంటికి తీసుకుపోయేవారు. ప్రతి కట్టనూ ఇద్దరు విడివిడిగా చేయాలి. జవాబులు కలవకపోతే మూడో మనిషికి ఇవ్వాలి. పని ఎంతవరకు వచ్చిందో చెప్పడం నా వంతు. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి కదా.

"సగానికి పైన అయింది" అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు రుచించాయి.

ఒకరోజు ఒక ముసలి రైతు వచ్చాడు. ఉన్న రెండు బావుల్లో ఒక్కదాన్నే లోతు చేయించగలడు. ఏది చేయించాలో మా లెక్కే చెప్పాలి.

"తవ్వేటోళ్లు ఊర్లనే ఉన్నరు సారూ. జల్ది చెప్పకుంటే వేరే ఊరికి పోతరు. ఎన్నడైతది?"

"రెండు వారాలు. వాళ్లను జర ఆపు, ఫికర్ చెయ్యకు."

ఆయన వెళ్లాక, రైల్వేలో పనిచేసే నా మిత్రుడు నవ్వాడు. "అన్నా, నువ్వు కట్టలు లెక్కపెడ్తానవు, కాగితాలు కాదు. సన్నటియన్ని ఏరుకపోయిండ్రు. లావుటియి ఎవ్వడు ముడ్తలేడు. నీ రెండు వారాలు మా డోర్నకల్ ప్యాసింజర్ లెక్కనే, ఎప్పుడొస్తదో ఎవ్వనికి తెల్వదు!"

నాకు కోపం వచ్చింది. అతను చెప్పింది నాకు ముందే తెలుసు కనుక వచ్చిన కోపం అది. జవాబులు కలవని కట్టలను కూడా నేను అయిపోయినవాటిలోనే కలిపేశాను.

నెల దాటాక రైతు మళ్లీ వచ్చాడు. తవ్వేవాళ్లు వెళ్లిపోయారట.

"ఎన్నడైతదో తెల్వదు అంటే, ఏదో ఒక బావి తవ్విచ్చుకుందును గద సారూ."

వాళ్ల ఊరి కట్ట బల్ల మీదే ఉంది, లావుది, ఎవరూ విప్పనిది. విప్పి, ఆయన రెండు బావుల కాగితాలు మాత్రం తీశాను. నేనొకసారి, నా మిత్రుడొకసారి చేశాం. ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం బస్సుకు ముందే తేలిపోయింది. ఆయన మొదటిసారి వచ్చిన రోజు కూడా ఇంతసేపే పట్టేది. అప్పుడు మొత్తం పని గురించి ప్రకటించే మోజులో, అడిగిన మనిషి పని ముందు చేసివ్వొచ్చని నాకు తట్టలేదు.

"తూర్పు దిక్కు బావి" అని చెప్పాను.

"వచ్చే ఎండకాలం తవ్వేటోళ్లు వస్తె చూస్త" అని కాగితం మడిచి, తలరుమాలులో చెక్కుకుని లేచాడు.