రెండో జవాబు

ఈ మాట రెండేళ్లుగా లోపల మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గొల్లపల్లి. ఆ వానాకాలం మా అత్తమ్మ చెల్లెలు భద్రాచలం ఆసుపత్రిలో ఉంది. ఇక దక్కదని కబురొచ్చింది. శబరి నది పొంగి, అక్కడికి వెళ్లే రోడ్డు కోంట ఊరు దాటాక మునిగింది. నీళ్లు తగ్గాయా లేదా అంటే ఊళ్లో తలా ఒక మాట. అత్తమ్మకు చదువు రాదు. నా ఫోన్‌లో ఏఐ ఉందని, అడిగితే చెబుతుందని మాత్రం తెలుసు. పొద్దున్నుంచి నా వెంటపడింది. అవతల నాట్లు, కూలీలకు వంట, జ్వరంతో పాప. ఆమె వెళితే అదంతా నా ఒక్కదాని నెత్తిన.

"మల్ల ఒక్కపాలి అడుగు బిడ్డా. నీళ్లు తీసినయా ఏంది?"

విసుక్కుంటూ అడిగాను. వెంటనే జవాబొచ్చింది: వానాకాలంలో ఆ దారి తరచూ మునుగుతుంది, ప్రయాణం మానుకోవడం మంచిది. ఇది తనకు ముందే తెలిసిన విషయమట, ఇవాళ్టి సంగతి కావాలంటే నెట్‌లో వెతికి చెబుతుందట. వెతకమన్నాను. కాసేపు ఆగి, ఆ పొద్దుటి వార్తలు లింకులతో సహా తెచ్చి పెట్టింది. నీళ్లు తగ్గాయి, బస్సులు నడుస్తున్నాయి, అయినా బస్టాండులో ఒకసారి కనుక్కోండి అంది.

నేను స్క్రీన్ పైకి జరిపి, మొదటి జవాబు చదివి వినిపించాను.

అబద్ధమా? ఉన్నదే చదివాను కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. ఇవాళ్టి మాట కళ్లముందే ఉండగా, పాతదని తెలిసీ దాన్నే ఏరి చదివితే ఇంకేమంటారు?

అత్తమ్మ సర్దుకున్న సంచి పక్కన పెట్టి కూలీలకు అన్నం వండింది. మర్నాడు చెల్లెలు పోయింది. ముందురోజే బస్సెక్కి వెళ్లొచ్చిన పక్కింటివాళ్లు దారి బాగానే ఉందన్నారు. అత్తమ్మ నావైపు చూడను కూడా లేదు. ఫోన్‌నే తిట్టింది.

అదే నాకు మండిపోతుంది. ఒక్కసారైనా నన్ను అనుమానించవచ్చు కదా! మొన్న కూడా పాప ఫోన్‌లో ఏదో అడగబోతే, "దాన్ని నమ్మకు. నా చెల్లెను సూడనియ్యలె" అంది. పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. మంటలోకి ఇంకో కట్టె తోశాను. ఎవరిమీద ఈ కోపం? ఆమె మీదా, నా మీదా?

ఆమెకు ఎప్పటికైనా చెబుతానో లేదో తెలియదు. చెప్పినా ఆ పోయిన రోజు రాదు. కానీ ఫోన్ వెతికింది, నిజమే చెప్పింది, దాచింది నేను. ఈ ముక్క రాశాక కాస్త ఊపిరాడుతోంది. అంతే.