దసరా మర్నాడు మొండికేసిన పెట్రోలు లారీ

ముందుగా ఒక మనవి. నాకు పెంచి చెప్పే అలవాటుంది. ఇరవై ఏళ్లకు పైగా వాహనాల మరమ్మతు చేసినవాడికి ఈ జబ్బు రాకుండా ఉండదు. చిన్న లోపాన్ని పెద్దది చేసి చెప్తే గానీ పై అధికారి విడిభాగాల ఇండెంటు మీద సంతకం పెట్టడు. అందుచేత ఇందులో కనిపించే దూరాల్ని సగం చేసుకోండి, జనాన్ని పావు చేసుకోండి, నా తెలివితేటల్ని మీకు తోచినంత తగ్గించుకోండి. లారీ గురించి చెప్పినదాన్ని మాత్రం తగ్గించకండి. అది తగ్గించడానికి లొంగే లారీ కాదు.

2003లో నన్ను రాయ్‌పూర్‌లో ఒక ప్రభుత్వ శాఖవారి వాహనాల వర్క్‌షాపులో అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా వేశారు. శాఖ పేరు చెప్పను, నాకింకా పింఛను రావాలి. ఫోర్‌మన్ సెలవులో ఉన్నప్పుడు ఆయన తిట్లన్నీ తినేవాడూ, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు సగం తినేవాడూ అసిస్టెంట్ ఫోర్‌మన్. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన వారం ఫోర్‌మన్ సెలవులో ఉన్నాడు.

మా షెడ్డులో మిగిలిన బళ్లన్నీ డీజిలువి. ఒక్కటే పెట్రోలు లారీ. సైన్యంవాళ్లు వాడి వాడి వేలం వేస్తే, మా శాఖ కొని, పంపుసెట్లూ పనిముట్లూ మోయడానికి ఉంచుకుంది. దాని బానెట్టు తెరిస్తే లోపల ఒక కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు. స్టార్టయితే ఆ చప్పుడు ముప్పై కిలోమీటర్లకి పైన ఉన్న ఆరంగ్ దాకా వినిపించేది. గాలి అనుకూలిస్తే మహానది దాటి అవతలివాళ్లు కూడా తలుపులు వేసుకునేవారు. పెట్రోలు ఎంత తాగేదో అడగకండి. పంపు దగ్గరి కుర్రాళ్లు దాన్ని చూడగానే లేచి నిలబడేవారు.

ఆ లారీ డ్రైవరు సింహాద్రి. విజయనగరం వైపు మనిషి, మా నాన్నకి తెలిసినవాడు, అందుకని నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. రిటైర్‌మెంటుకి రెండేళ్లుంది. భార్య కాంతమ్మ గారు రాయ్‌పూర్‌లోనే ఆస్పత్రిలో నర్సు. ఆమె సంపాదన వల్ల ఆయనకి ఇల్లుంది, ఆమె వంట వల్ల ఆయనకి పొట్టుంది. తనంతట తాను పొయ్యి వెలిగించిన చరిత్ర ఆయనకి లేదు.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. పాత వాహనాన్ని ఉంచాలా తుక్కు కింద అమ్మేయాలా అన్నది తేల్చడానికి ఏడాదికోసారి ఒక కమిటీ వస్తుంది. దాన్ని కండెమ్ బోర్డు అంటారు. బోర్డు ఎదుట బండి సొంత బ్యాటరీతో, సొంత సెల్ఫు స్టార్టరుతో స్టార్టవ్వాలి. నెట్టడం కుదరదు. గేటు దాకా వెళ్లి తిరిగి రావాలి. రాలేదంటే తుక్కే. సింహాద్రి పోస్టు ఆ లారీ పేరు మీద మంజూరైనది. లారీ పోతే పోస్టు పోతుంది, పోస్టు పోతే మనిషి సర్‌ప్లస్, ఆ రోజుల్లో సర్‌ప్లస్ అయిన డ్రైవర్లందరినీ జగదల్‌పూర్ పంపేవారు. జగదల్‌పూర్ అంటే రాత్రంతా బస్సు, పొద్దున్న దిగాక సొంత వంట.

ఆ ఏడు బోర్డు దసరా మర్నాటికి పడింది.

మా వర్క్‌షాపులో యంత్రాలకి ఏటా రెండు పూజలు. సెప్టెంబరులో హిందీవాళ్లు విశ్వకర్మకి చేసేవారు. అది మనకి లెక్కలోకి రాదని దసరాకి తెలుగువాళ్లం ఆయుధపూజ మళ్లీ చేసేవాళ్లం. ఆ దసరాకి సింహాద్రి లారీని కడిగిన తీరు చూస్తే పెళ్లికూతురికి కూడా అసూయ పుట్టేది. పసుపు, కుంకం, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. వేలాదిమంది చూస్తుండగా ఒక్క సెల్ఫుకే స్టార్టయి, నిమ్మకాయల్ని తొక్కి, మళ్లీ తన చోట నిలబడింది. అందరూ ప్రసాదాలు తీసుకుని ఇళ్లకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్న సింహాద్రి తాళం తిప్పాడు. సెల్ఫు దర్జాగా తిరిగింది. ఇంజను మాత్రం అంటుకోలేదు.

"ఏటి బాబూ ఇది? నిన్నంతా బాగున్నాది. ఎవడో దిష్టెట్టినాడు," అన్నాడు సింహాద్రి.

"దిష్టి సంగతి తర్వాత చూద్దాం బాబాయ్. బ్యాటరీ తినెయ్యకు, దిగు."

పెట్రోలు ఇంజను అంటుకోకపోతే దొంగలు ఇద్దరే. ఒకటి పెట్రోలు, రెండోది నిప్పురవ్వ. డీజిలు బండికి ఈ రెండో బాధ లేదు, అందుకే డీజిలు మెకానిక్కులకి నిద్ర బాగా పడుతుంది. కార్బ్యురేటరు దగ్గర వాసన చూస్తే పెట్రోలు ఘుమఘుమలాడుతోంది. ప్లగ్గులకి రవ్వ పంచే డిస్ట్రిబ్యూటరు మూతకి నడిమధ్యనున్న లావుపాటి తీగ పీకి, ఇంజను ఇనుముకి వేలి మందం దూరంలో పట్టుకుని సెల్ఫు కొట్టించాను. ఆ సందులో నీలంగా రవ్వ దూకాలి. దూకలేదు. నాకు షాకైనా కొట్టలేదు. ఆ షాకు కోసం అంత ఆశగా ఎదురుచూసిన మనిషి రాయ్‌పూర్‌లో అంతకుముందు లేడు.

ఎలక్ట్రీషియన్ తివారీ అప్పటికే తీర్పు ఇచ్చేశాడు. "కాయిల్ గయా, రావు సాబ్." కాయిల్ అంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచే డబ్బా. నా వృత్తిలో నాకంటే ఎక్కువ పెంచి చెప్పేది అదొక్కటే. తివారీకి ఏ బండి ఆగినా కాయిలే. డీజిలు రోడ్డు రోలరు ఆగినా మొదట కాయిల్ కోసమే వెతికినవాడు. స్టోర్సులోంచి కొత్తది తెచ్చి బిగించాడు. రవ్వ లేదు. కండెన్సరు మార్చాడు. లేదు. ప్రతి మార్పుకీ ఒకసారి సెల్ఫు కొట్టాడు. ప్రతిసారీ బ్యాటరీ గొంతు కాస్త బొంగురుపోయింది.

అప్పుడే ఫోను వచ్చింది. బోర్డువారు అభన్‌పూర్‌లో ఒక ట్రాక్టరుని కండెమ్ చేసి, ఆ ఉత్సాహంతోనే మా వైపు బయల్దేరారట.

ఫోనుతో పాటే కాంతమ్మ గారు టిఫిను క్యారియరుతో వచ్చారు. నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నారు, భర్త ముఖం చూసి విషయం గ్రహించారు.

"ఏమండీ రావు గారూ, ఈయన్ని జగదల్‌పూర్ పంపితే పంపండి. అగ్గిపెట్టె ఏ వైపు గియ్యాలో నేర్పి పంపండి," అన్నారు.

"నువ్వూరుకోవే," అన్నాడు సింహాద్రి. "నాను పప్పు వండగల్ను."

"పప్పు ఏ డబ్బాలో ఉంటాదో చెప్పు ముందు."

ఆయన లారీ వైపు తిరిగిపోయాడు. ఆ తిరగడంలో ఎగతాళి పట్టే చోటు లేకపోయింది.

ఇక నేను పుస్తకంలో ఉన్న వరస పట్టుకున్నాను. టెస్టు లాంపు అంటే రెండు తీగలున్న చిన్న బల్బు. ఒక తీగ ఇంజను ఇనుముకి, రెండోది కాయిల్‌కి కరెంటొచ్చే వైపు పెట్టాను. వెలిగింది. అంటే బ్యాటరీ నుంచి అక్కడిదాకా దారి బాగుంది. తర్వాత కాయిల్ రెండో వైపు, పాయింట్లకి వెళ్లే చోట పెట్టాను. డిస్ట్రిబ్యూటరు లోపల రెండు చిన్న లోహపు బొడిపెలుంటాయి, అవే పాయింట్లు. ఇంజను తిరుగుతుంటే అవి అతుక్కుని విడిపోతుంటాయి, విడిపోయిన ప్రతిసారీ కాయిల్లో రవ్వ పుడుతుంది. అవి పనిచేస్తుంటే, అతుక్కున్నప్పుడు కరెంటు వాటి గుండా పోయి బల్బు ఆరాలి, విడిపోయినప్పుడు వెలగాలి. సెల్ఫు కొట్టిస్తే నా బల్బు అచ్చం సత్రం వరండా బల్బులాగా ఆరకుండా వెలిగింది. అంటే పాయింట్లు ఒకదాన్నొకటి తాకుతున్నట్టు నటిస్తున్నాయి, తాకడం లేదు.

"పాయింట్లు చూశారా తివారీ జీ?"

"దేఖా, సాబ్. గ్యాప్ ఏక్‌దమ్ సహీ," అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. పాయింట్ల మధ్య ఖాళీ కొలిచే రేకుల్ని ఫీలర్ గేజ్ అంటారు. దాన్ని దూర్చి కొలిచాడు, సరిగ్గానే ఉంది. బయటికి తీసిన రేకుని ఎప్పటిలాగే ప్యాంటుకి తుడుచుకున్నాడు. పండగ వెళ్లిన మర్నాడు తివారీ ప్యాంటు మీద లేని రంగు లేదు, అందుచేత కొత్తగా అంటిన రంగు ఎవరికీ కనపడలేదు.

నేను మూత తీసి, తెల్ల కాగితం ముక్క ఒకటి పాయింట్ల మధ్య దూర్చి లాగాను. ఒకవైపు ఎర్రగా, రెండోవైపు పచ్చగా, నూనె జిడ్డుతో బయటికొచ్చింది. వాసన చూశాను. ఇంజను లోపల గ్రీజు వాసన రావచ్చు, కాలిన రబ్బరు వాసన రావచ్చు. అమ్మవారి గుడి వాసన వచ్చింది.

"బాబాయ్, ఈ మూత నువ్వు తీశావా?"

"నానెందుకు తీస్తాను బాబూ," అన్నాడు సింహాద్రి. కాంతమ్మ గారు ఆయన వైపు చూశారు. "తీసినాను గానీ ఏటీ పాడు సెయ్యలేదు. బొట్టెట్టినాను."

"పాయింట్లకా?"

"మెరుపు పుట్టే చోటు అదే కదా. బయటెడితే కడిగితే పోద్ది. లోపలెడితే ఉంటాది. బోర్డోల్లొస్తన్నారు కదా అని అగ్గిపుల్లతో సన్నగా ఎట్టినాను. దీపం నూనెలో కలిపి."

"రెండిటికీనా?"

"ఒకదానికే ఎడితే రెండోది అలగదా?"

అందరూ వెళ్లిపోయాక ఒక్కడూ ఉండి చేసిన పూజ అది. కుంకం ఒకదానికి, పసుపు ఒకదానికి. నూనెలో కలిపిన ఆ పొర కరెంటుని ఒక్క చుక్క కూడా దాటనివ్వలేదు. జగదల్‌పూర్‌కి అడ్డంగా కట్టుకున్న గోడ తిన్నగా జగదల్‌పూర్‌కే దారి చూపిస్తోందన్నమాట.

గుడ్డని పెట్రోలులో ముంచి పాయింట్లు తుడిచాను, సన్నటి ఉప్పుకాగితం ఒకసారి ఆడించాను, మళ్లీ శుభ్రంగా తుడిచి మూత పెట్టాను. సింహాద్రి పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, "తప్పయిపోనాది బాబూ," అన్నాడు.

బోర్డు జీపు లోపలికొచ్చింది. అధ్యక్షుడైన అధికారి దిగుతూనే లారీకున్న దండ చూసి, పూజ ఘనంగా చేసినట్టున్నారు, ప్రసాదం ఏదైనా మిగిలిందా అని అడిగారు. కాంతమ్మ గారు క్యారియరులోంచి పులిహోర పెట్టారు. ఆయన తింటూ చెయ్యి ఊపారు. సింహాద్రి తాళం తిప్పాడు. బ్యాటరీలో మిగిలిన ప్రాణమంతా కూడగట్టుకుని సెల్ఫు ఒకసారి మూలిగింది, రెండోసారి మూలిగింది, మూడోది అసలు మూలుగే కాదు. ఇంజను అంటుకుంది. ఎక్కడో దూరాన తిల్దా ఊళ్లో రైసుమిల్లులు ఒక్క క్షణం ఆగి విన్నాయి. లారీ గేటు దాకా వెళ్లింది, తిరిగొచ్చింది. అధికారి వేళ్లు నాకుతూనే ఇంకో ఏడాది ఉంచవచ్చని రాశారు. మరుసటేడు కూడా అలాగే రాశారు. సింహాద్రి ఆ సీటు మీదే రిటైరయ్యాడు. ఈనాటికీ ఆయనకి పప్పు డబ్బా ఏదో తెలియదు.

ఈ సంఘటన వల్ల నేను నేర్చుకున్నది ఒక్కటే, తర్వాత నా కింద చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పాను. బాగా నడుస్తున్న బండి హఠాత్తుగా ఆగిపోతే, స్పానరు పట్టుకునే ముందు, దాని మీద ప్రేమ ఉన్నవాళ్లు చివరిసారి దాన్ని ఎక్కడ ముట్టుకున్నారో అడగండి.

ఇక నేను కల్పించింది చెప్పాలి. అగ్గిపుల్ల నిజం, అలగడం నిజం, పులిహోర నిజం. "తప్పయిపోనాది బాబూ" అన్నది మాత్రం నేను రాసుకున్నది. సింహాద్రి ఆ మాట ఆ రోజు అనలేదు, తర్వాత ఎప్పుడూ అనలేదు. నేను కాళ్లు కడుక్కోకుండా మూత ముట్టుకున్నా లారీ స్టార్టయిందంటే, అది తను పెట్టిన బొట్టు చలవేనని ఇప్పటికీ చెప్తాడు. ఆ సాయంత్రమే నా ఫీలర్ గేజ్‌ రేకులన్నిటికీ వరసగా బొట్లు పెట్టి, పూలదండ వేసి ఇచ్చాడు.